గే, ట్రాన్స్‌జెండర్ మనుషులంటే ఏవగింపు ఎక్కడ పుడుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గే, ట్రాన్స్‌జెండర్ మనుషులంటే చాలామందికి ఎందుకంత మంట, వాళ్ళవల్ల వీళ్ళకు పోయేదేమీ లేనప్పుడు? గట్టిగా అరిచేవాళ్ళు లోలోపల తామూ అలాంటివాళ్ళే అంటారు, అది నిజమా? ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ముందు సూటిగా జవాబు. దీనికి ఒకే ఊట లేదు. అయితే అన్నిటికంటే అడుగున ఉన్నదేదని అడిగితే, ఇది పడకగది గొడవ కన్నా మగకీ ఆడకీ మధ్య గీసిన గీత గొడవ అని చెబుతాను. ఆ గీత చిన్నప్పుడే పడుతుంది. దాని మీద చట్టం ఒక అంతస్తు కట్టింది, వైద్యం ఇంకోటి, ఆపైన మతమూ రాజకీయమూ తలా ఒకటి. రెండో ప్రశ్నకు జవాబు: చాలావరకు కాదు. మూడోదానికి: ఎదుటి మనిషికి ఆ వ్యతిరేకత ఏ పనికి వస్తోందో ముందు కనిపెట్టాలి. అది తెలియకుండా వాదనకు దిగితే నోరు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఇక వివరంగా.

మొదట ‘హోమోఫోబియా’ (గే మనుషులంటే భయం) అనే మాట సంగతి తేల్చుకుందాం. దాన్ని 1960లలో అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ వైన్‌బర్గ్ పుట్టించాడు, 1972లో వచ్చిన ఆయన పుస్తకంతో అది జనంలోకి వెళ్ళింది. అప్పటిదాకా రోగం ఎక్కడుందని గే మనుషుల్లో వెతికేవారు. రోగం వాళ్ళను చూసి వణికేవాళ్ళలో ఉందేమో చూడండని ఆయన ప్రశ్ననే తిరగేశాడు. అంతవరకు ఆ మాట చేసిన మేలు పెద్దది. కానీ ‘ఫోబియా’ అనగానే దారి తప్పుతాం. బల్లి అంటే భయం ఉన్న మనిషిని చూడండి: బల్లి కనిపిస్తే గుండె దడదడలాడుతుంది, గదిలోంచి పారిపోతాడు, తన భయానికి తనే సిగ్గుపడతాడు, పోగొట్టుకోవాలనుకుంటాడు. ఇక్కడ కనిపించేది అది కాదు. కోపం, ఏవగింపు, పైగా ‘నేనే కరెక్టు’ అన్న ధీమా. దీన్ని పోగొట్టుకుందామని కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. అందుకే ఈ రంగంలో ఎక్కువ పని చేసిన గ్రెగరీ హెరెక్ 2000లో ఆ మాట పక్కనపెట్టి, కులం మీదా రంగు మీదా ఉండే చిన్నచూపు లాంటిదే ఇదీ, అలాగే పిలుద్దాం అన్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది.

గీత ఎలా పడుతుంది

మూడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు తాము అబ్బాయో అమ్మాయో చెప్పగలరు. అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య ఈ విషయంలో వాళ్ళంత ఛాందసులు ఇంకెవరూ ఉండరు. అబ్బాయి గౌను వేసుకుంటే తప్పు, అమ్మాయి జుట్టు కత్తిరించుకుంటే తప్పు అని తోటిపిల్లల మీద కాపలా కాస్తారు. ఇంకా చిన్నవాళ్ళయితే గౌను వేసుకున్న అబ్బాయి అమ్మాయి అయిపోతాడనే నమ్ముతారు. పెద్దవాళ్ళు బిగించకపోతే ఆ పట్టు తర్వాత దానంతట అదే సడలుతుంది. బిగిస్తే అలాగే గట్టిపడిపోతుంది.

పిల్లలకు గుంపులు కనిపించినంత మాత్రాన పక్షపాతం రాదు, పెద్దవాళ్ళు ఆ గుంపును వాడుకోవాలి. రెబెకా బిగ్లర్, ఆమె సహచరులు 1990లలో చేసిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. వేసవి బడిలో పిల్లలకు నీలం, పసుపు టీషర్టులు ఇచ్చారు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల ఊసే ఎత్తలేదు. మిగతా తరగతుల్లో ‘నీలం వాళ్ళు ఇటు, పసుపు వాళ్ళు అటు’ అంటూ రోజూ రంగు పేరుతోనే పనులు చెప్పారు, ఏ రంగునూ పొగడలేదు, తిట్టలేదు. కొన్ని వారాలకు ఈ రెండో రకం తరగతుల్లోనే పిల్లలు తమ రంగువాళ్ళు మంచివాళ్ళని చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు బడిలో ‘బాయ్స్ ఇటు, గర్ల్స్ అటు’ అని రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఊహించుకోండి.

ఈ గీత రెండువైపులా ఒకే ఎత్తులో ఉండదు. మన భాషే చెబుతుంది. అబ్బాయిలా తిరిగే అమ్మాయిని ‘మగరాయుడు’ అంటాం, అందులో సగం మందలింపు, సగం మురిపెం. అమ్మాయిలా నడిచే అబ్బాయిని ‘ఆడంగి’ అంటాం, అందులో మురిపెం చుక్కయినా లేదు. మగవాడిని రెచ్చగొట్టాలంటే ‘గాజులు తొడుక్కున్నావా’ అంటే చాలు. ఆడమనిషిని అవమానించడానికి దీనికి సరిసమానమైన మాట వెతకండి, దొరకదు. అంటే మగ నుంచి ఆడ వైపు జరగడం పక్కకు జరగడం కాదు, కిందికి పడటం. ఇక ‘తేడా’ అనే తిట్టు ఉంది చూడండి, అందులో నేరం ఏమిటో కూడా చెప్పలేదు. తేడాగా ఉండటమే నేరం.

ఈ ఒక్కటి పట్టుకుంటే చాలా సంగతులకు అర్థం దొరుకుతుంది. పరిశోధనల్లో ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలో వ్యతిరేకత ఎక్కువ కనిపిస్తుంది, అది లెస్బియన్ల మీదకన్నా గే మగవాళ్ళ మీదే ఎక్కువ. ట్రాన్స్ మగవాళ్ళు (ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతికేవాళ్ళు) చాలామంది కంటికే ఆనరు, బహిరంగంగా తిట్లు పడేది ఎక్కువగా ట్రాన్స్ మహిళలకు (మగపిల్లాడిగా పెరిగి ఆడమనిషిగా బతికేవాళ్ళకు). బడిలో తన్నులు తినే అబ్బాయి ఎవరి మీద మనసుపడ్డాడో తన్నేవాడికి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. వాడు చూసింది నడక, గొంతు, చేతులు తిప్పే తీరు. ఆ అబ్బాయి నూటికి నూరుపాళ్ళు ఆడవాళ్ళనే ఇష్టపడేవాడైనా తన్నులు అవే.

మగతనం గురించి ఇంకొంచెం. ఆడతనం దానంతట వచ్చేదనీ, మగతనం సంపాదించుకోవాల్సిందనీ, ఒక్క తప్పటడుగుతో పోయేదనీ చాలా సమాజాల్లో నమ్మకం. జోసెఫ్ వాండెల్లో, జెనిఫర్ బాసన్ ల్యాబులో మగవాళ్ళకు రెండు పనుల్లో ఒకటి ఇచ్చారు: కొందరికి బొమ్మ తలకు జడ వేయడం, కొందరికి అదే అల్లిక తాడుతో వేయడం. చేతులు చేసే పని ఒకటే. ఆ తర్వాత పజిల్ చేస్తారా, సంచిని గుద్దుతారా అని అడిగితే, జడ వేసినవాళ్ళు ఎక్కువగా గుద్దడానికే మొగ్గారు. జడ వేసిన కాసేపటికే మగతనం రుజువు చేసుకోవాల్సి వచ్చిందన్నమాట. మగపిల్లల గుంపులో గే మీద జోకు అంత తరచుగా ఎందుకు పేలుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అక్కడ లేని గే మనిషితో దానికి పని లేదు. ‘నేను కాదు’ అని పక్కవాడికి చూపించే హాజరు పలుకు అది.

ట్రాన్స్‌జెండర్ మనుషుల దగ్గర ఇంకో మెలిక ఉంది. గే మనిషి గీతలోపలి నియమం ఒకటి తప్పాడని జనం అనుకుంటారు. ట్రాన్స్ మనిషి ఎదురుపడితే ఆ గీతే కదులుతుంది. ‘పుట్టుకతో మగ, చచ్చేదాకా మగ’ అన్నది జీవితంలో ఎన్నడూ ప్రశ్నించాల్సిన అవసరం రాని నమ్మకం, కాబట్టి దానికి మన దగ్గర సమర్థన కూడా సిద్ధంగా ఉండదు. సమర్థన లేని నమ్మకం కదిలితే ముందొచ్చేది కోపం. ఆరోపణలు కూడా గమనించండి. రూపం పూర్తిగా కుదరకపోతే ‘వేషం వేశారు’ అంటారు. చక్కగా కుదిరితే ‘మోసం చేశారు’ అంటారు. ఆ మనిషికి మూడో దారి మిగలదు.

చట్టం, వైద్యం వేసిన అంతస్తులు

ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1533లో, మగవాళ్ళ మధ్య లైంగిక సంబంధం లాంటి, అప్పటిదాకా చర్చి విచారించే పాపాన్ని రాజ్యం ఉరిశిక్ష వేసే నేరంగా మార్చారు. ఆ ఆలోచనే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అయింది, ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాటతో సహా. అక్కణ్ణుంచి అదే మూస ఆసియాలో, ఆఫ్రికాలో బ్రిటిష్ పాలనలో ఉన్న చాలా దేశాలకు వెళ్ళింది. ఫ్రాన్స్ 1791లోనే ఇలాంటి నేరాన్ని చట్టంలోంచి తీసేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1967లో పాక్షికంగా తీశారు. భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న వయోజనుల పరస్పర అంగీకారానికి ఆ సెక్షన్ వర్తించదంది, సింగపూర్ 2022లో రద్దు చేసింది. అంటే మూస తయారుచేసినవాళ్ళు వదిలేశాక కూడా తీసుకున్నవాళ్ళు అర్ధశతాబ్దం మోశారు. మోస్తూ మోస్తూ అది తమ సొంత సంస్కృతే అనుకున్నారు.

ఇక్కడో హెచ్చరిక. ‘అంతా వలస పాలన తెచ్చిందే, అంతకుముందు అందరూ సుఖంగా ఉన్నారు’ అని కొందరు రాస్తుంటారు. అది సగం నిజం. పాత సమాజాల్లో చాలాచోట్ల చోటూ ఉంది, చులకనా ఉంది, రెండూ పక్కపక్కనే. చట్టం చేసిందేమిటంటే ఆ చులకనకు పోలీసును తోడిచ్చింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండో భాగం దీనికి మంచి ఉదాహరణ. చట్టం ‘నపుంసకులు’ అని పిలిచినవాళ్ళలో పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలన్నారు. అలా పేరెక్కినవాళ్ళు ఆడ వేషంలో వీధిలో కనిపించినా, నాట్యం చేసినా శిక్ష. తమ దగ్గర మగపిల్లవాణ్ణి ఉంచుకున్నా శిక్షే. వీలునామా రాసే హక్కు కూడా తీసేశారు. ‘పిల్లల్ని ఎత్తుకుపోతారు’ అన్న పుకారు ఇవాళ ఫోన్లలో తిరుగుతోంది కదా, అది ఒకప్పుడు గెజిట్‌లో అచ్చయిన ప్రభుత్వ అనుమానం.

వైద్యం వేసిన అంతస్తు ఇంకోరకం. ‘హోమోసెక్సువల్’ అన్న మాట 1869లో అచ్చులోకి వచ్చింది. దాన్ని పుట్టించిన రచయిత కార్ల్ మరియా కెర్ట్‌బెనీ నిజానికి స్వలింగ సంబంధాలకు శిక్షలు వద్దని వాదిస్తూనే వాడాడు. కానీ మాట డాక్టర్ల చేతిలో పడింది. 1886లో మనోవైద్యుడు క్రాఫ్ట్ ఎబింగ్ గ్రంథం వచ్చేసరికి అది వ్యాధుల పట్టికలో ఉంది. అంతకుముందు ‘ఫలానా పని చేశాడు’ అనేవారు, ఆ తర్వాత ‘ఫలానా రకం మనిషి’ అనడం మొదలైంది. చేసిన పనికైతే ప్రాయశ్చిత్తం ఉంటుంది, రకానికి ఉండదు. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో ఆధునిక వ్యతిరేకతకు ఇదే పెద్ద మలుపు.

1957లో మనస్తత్వవేత్త ఎవెలిన్ హుకర్ 30 మంది గే మగవాళ్ళకూ, వయసులో చదువులో వాళ్ళకు సరిజోడైన, ఆడవాళ్ళనే ఇష్టపడే 30 మంది మగవాళ్ళకూ పెట్టిన మానసిక పరీక్షల ఫలితాలు ప్రచురించింది, సిరామరకల్లో ఏం కనిపిస్తోందో చెప్పమనే పరీక్ష లాంటివి అవి. పేర్లు తీసేసి నిపుణులకు ఇచ్చింది. ఎవరు గేనో వాళ్ళు పోల్చుకోలేకపోయారు, మానసిక ఆరోగ్యంలో తేడా కూడా చూపలేకపోయారు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 1973లో స్వలింగ ఆకర్షణను రోగాల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు మానసిక రోగాల అధ్యాయంలోంచి బయటపడింది ఇంకా ఆలస్యంగా, 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జాబితాలో. ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో 60 ఏళ్ళవాళ్ళు ‘ఇది రోగం’ అంటే అది మొండితనం కాకపోవచ్చు. వాళ్ళు చదువుకునే రోజుల్లో పుస్తకాల్లో అలాగే ఉండేది. ఈ ఒక్క విషయంలో తేదీలతో సహా సమాచారం ఇస్తే పనిచేస్తుంది. మిగతా చోట్ల సమాచారం పెద్దగా పనిచేయదు, ఎందుకో కింద చెబుతాను.

రాజకీయం గురించి క్లుప్తంగా: తక్కువమంది ఉన్నవాళ్ళు, ఎవరింట్లోనూ ఉన్నట్టు కనిపించనివాళ్ళు, ఓట్లుగా లెక్కకు రానివాళ్ళు. భయం పుట్టించడానికి ఇంతకన్నా చవకైన గురి దొరకదు. 1953లో అమెరికా ప్రభుత్వం భద్రత పేరు చెప్పి గే ఉద్యోగులను వెతికి మరీ తీసేసింది. 1977లో ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో గాయని అనీటా బ్రయంట్ వివక్ష నిరోధక నియమాన్ని రద్దు చేయించిన ఉద్యమం పేరే ‘మన పిల్లల్ని కాపాడండి’. 1871లో పిల్లలు, 1977లో పిల్లలు. పిల్లల మీద అత్యాచారాలు చేసేది ఎక్కువగా ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్ళే, తనలాంటి పెద్దవాళ్ళను ఇష్టపడటానికీ ఆ నేరానికీ సంబంధం లేదు. అయినా ఈ మాట ఎత్తితే వాదన ఆగిపోతుంది కాబట్టి ప్రతిసారీ ఇదే ఎత్తుతారు.

ఏవగింపు కొలిమి

‘చూస్తేనే కడుపులో తిప్పుతుంది’ అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తిప్పుతుంది. కుళ్ళిన తిండి, పుండు లాంటి వాటికి త్వరగా అసహ్యించుకునే స్వభావం ఉన్నవాళ్ళలో గే మనుషుల పట్ల వ్యతిరేకత సగటున ఎక్కువగా ఉంటుందని 2009లో ఇన్‌బార్, పిజారో బృందం చూపించింది. అయితే అసహ్యం పుట్టుకతో సిద్ధంగా వచ్చేది కాదు. పాకే పిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు. దేన్ని చూసి మొహం చిట్లించాలో పెద్దవాళ్ళ మొహాలు చూసి నేర్చుకుంటారు. మనుషుల్ని చూసి చిట్లించడమూ అలాగే వస్తుంది. 1980ల మొదట్లో ఎయిడ్స్ వచ్చినప్పుడు కొంతకాలం దాని పేరులోనే గే అన్న మాట పెట్టారు, దాంతో ఈ అసహ్యానికి అంటువ్యాధి భయం తోడైంది. వైరస్ మనుషుల రకం చూడదని తేలాక పేరు మారింది, భయం ఉండిపోయింది.

ఏవగింపు ముందు, కారణం తర్వాత అని గుర్తుపట్టడానికి తేలికైన ఆనవాలు ఒకటుంది. ఎదుటి మనిషి చెప్పిన కారణానికి మీరు జవాబు చెప్పండి. అసలు కారణం అదే అయితే కాసేపు ఆలోచిస్తాడు. కాకపోతే రెప్పపాటులో ఇంకోటి తీస్తాడు: ప్రకృతి విరుద్ధం, సరే, మతం ఒప్పుకోదు, సరే, జనాభా తగ్గిపోతుంది, సరే, పిల్లలు చెడిపోతారు. మూడోదానికి వచ్చేసరికి ఆపేయండి. మీరు పడగొడుతున్నవి గోడకు తగిలించిన పటాలు, గోడ కాదు.

మతం గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. భక్తి ఎంత ఉందన్నదానికన్నా, ‘మాది ఒక్కటే సత్యం, దానికి ఒక్కటే అర్థం, పైవాళ్ళు చెబితే ప్రశ్నించకూడదు’ అన్న బిగుతు ఎంత ఉందన్నదే వ్యతిరేకతను ఎక్కువగా పట్టిస్తుంది. గుడికో చర్చికో మసీదుకో రోజూ వెళ్ళి, మేనల్లుడు గే అని తెలిసి అన్నం పెట్టి పంపేవాళ్ళూ ఉన్నారు. దేవుడి ఊసే లేకుండా సైన్స్ పేరుతో తిట్టేవాళ్ళూ ఉన్నారు.

లోలోపల వాళ్ళూ అంతేనా?

ఈ మాటకు ఆధారంగా అందరూ చూపేది 1996లో జార్జియా విశ్వవిద్యాలయంలో హెన్రీ ఆడమ్స్ బృందం చేసిన ప్రయోగం. ఆడవాళ్ళనే ఇష్టపడతామని చెప్పిన 64 మంది మగవాళ్ళకు లైంగిక దృశ్యాల వీడియోలు చూపించి శరీర స్పందన కొలిచారు. గే మనుషులంటే పడనివాళ్ళలో మగ–మగ దృశ్యాలకు స్పందన పెరిగింది, పడనివాళ్ళు కానివారిలో పెరగలేదు. వినడానికి బాగుంది. కానీ ఆందోళన కూడా అలాంటి స్పందనను పెంచగలదని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. తర్వాత వేరే పద్ధతుల్లో వెతికినవాళ్ళలో కొందరికి ఈ సంబంధం దొరకనేలేదు. అలాంటివాళ్ళు అసలు లేరని కాదు, ఉంటారు. కోట్లమందిలో ఉన్న వ్యతిరేకతకు అది కారణం కాదు, అంతే.

ఈ మాట వాడొద్దనడానికి నాకు ఇంకో కారణం ఉంది. ‘నువ్వే గేవేమో’ అని ఎదురు దెప్పినప్పుడు ఆ దెబ్బకు పదును ఎక్కణ్ణుంచి వచ్చింది? గే కావడం సిగ్గుచేటన్న నమ్మకం నుంచే. పైగా గే వాళ్ళను హింసించేదీ గే వాళ్ళేనని తేల్చేసి మిగతా అందరం చేతులు దులుపుకుంటాం.

‘పుట్టుకతోనే అలా’ అనే వాదన

ఇదీ చాలామంది మొదటి అస్త్రం. ఎంచుకున్నది కాదని నమ్మేవాళ్ళలో సానుభూతి ఎక్కువన్నది నిజమే. కానీ ఏది ముందో తేలలేదు: నమ్మినందుకు సానుభూతి వచ్చిందా, సానుభూతి ఉన్నందుకు నమ్మారా? 2019లో 4 లక్షల 70 వేలకు పైగా మనుషుల జన్యువులు చూసిన అధ్యయనంలో ‘గే జీన్’ అని ఒకటి దొరకలేదు, చిన్నచిన్న ప్రభావాలున్న ఎన్నో జన్యువుల పాత్ర, వాటితో పాటు మిగతా కారణాలు కనిపించాయి. దీని మీద మొత్తం వాదన కడితే రేపు ఇంకో అధ్యయనం వచ్చినప్పుడు కూలుతుంది. ఇంకో చిక్కు: ‘వాళ్ళ పుట్టుకే వేరు, వాళ్ళది వేరే జాతి’ అన్న నమ్మకం ముదిరితే వ్యతిరేకత తగ్గకపోగా పెరిగే వీలుంది. ఎడమచేతివాటం ఎందుకు వస్తుందో తేలేదాకా ఆ పిల్లాణ్ణి కొట్టడం ఆపొద్దని ఎవరూ అనరు కదా. కారణం తేలనవసరం లేదు.

ఏ పనికి వస్తోంది?

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఏ అభిప్రాయమైనా దాన్ని మోసే మనిషికి ఏదో పని చేసి పెడుతుందని మనస్తత్వవేత్త డేనియల్ కాట్జ్ 1960లో అన్నాడు, హెరెక్ 1980లలో దాన్ని ఈ విషయానికి అన్వయించాడు. మాటల్ని చెవిపెట్టి వింటే ఆ పని తెలిసిపోతుంది.

‘నలుగురూ ఏమనుకుంటారు’ అని వినిపిస్తే అది గుంపులో చోటు కాపాడుకునే వ్యతిరేకత. ఇందులో గే మనుషుల గురించిన అభిప్రాయం దాదాపు లేదు, ఆ నలుగురి గురించిన అంచనా ఉంది. తర్కం పనిచేయదు. ఆ నలుగురిలో ఒకరు, వాళ్ళు గౌరవించేవారు, ‘ఇందులో తప్పేముంది’ అని మామూలుగా అనేస్తే పనిచేస్తుంది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు ఒప్పుకున్నాక జనం సొంత అభిప్రాయం వెంటనే మారలేదు, ‘మిగతావాళ్ళు దీన్ని ఒప్పుకుంటున్నారు’ అన్న అంచనా మాత్రం మారిందని పరిశోధకులు టంకార్డ్, పలక్ గమనించారు. నలుగురి అంచనా మారడం చిన్న విషయం కాదు.

‘మా ధర్మం ఒప్పుకోదు’ అంటే విలువల్ని కాపాడుకునేది. ఆ ధర్మాన్ని తప్పుపట్టొద్దు, తలుపు మూసుకుపోతుంది. అదే ధర్మంలో దయ గురించి, బిడ్డను వదలకపోవడం గురించి వాళ్ళు నమ్మేదాన్ని వాళ్ళచేతే చెప్పించండి.

‘ఒకసారి ఒకరు నాతో ఇలా చేశారు’ అంటే అనుభవం నుంచి వచ్చింది. ఆ అనుభవాన్ని కొట్టేయకండి, జరిగింది జరిగింది. కంటికి కనిపించేవాళ్ళు చాలా కొద్దిమంది, కనిపించకుండా పక్కనే ఉద్యోగం చేసుకునేవాళ్ళు ఎక్కువ అని తర్వాతెప్పుడైనా చెప్పవచ్చు. మూడింటిలో తేలిగ్గా కదిలేది ఇదే, ఎందుకంటే కొత్త అనుభవం పాతదాన్ని మారుస్తుంది.

విషయం ఎత్తగానే ఒళ్ళంతా బిగుసుకుపోయి, మొహం ఎర్రబడి, లేచి వెళ్ళిపోతే అది తనను తాను కాచుకోవడం. వెంటపడకండి. ఆ రోజుకు వదిలేయండి.

మాట ఎలా నడపాలి

పరిచయం పెరిగితే చిన్నచూపు తగ్గుతుందని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పాడు. 500కు పైగా అధ్యయనాలను కలిపి చూసిన పెటిగ్రూ, ట్రాప్ 2006లో అది చాలావరకు నిజమేనన్నారు, గే, లెస్బియన్ మనుషుల విషయంలో ఆ ప్రభావం ముఖ్యంగా బలంగా కనిపించింది. ఆల్‌పోర్ట్ షరతులు మాత్రం మరవకండి: ఇద్దరూ సమాన స్థాయిలో ఉండాలి, కలిసి ఒక పని చేస్తుండాలి, పైనున్నవాళ్ళ మద్దతు ఉండాలి. చెయ్యి చాపేవాళ్ళుగా, ఇంటి ముందు నిలబడేవాళ్ళుగా మాత్రమే ఎదురుపడే పరిచయం చిన్నచూపును పెంచుతుంది కూడా. ఇంకో లోపం, ‘మావాడు మంచివాడే, మిగతావాళ్ళే...’ అని మినహాయింపు ఇచ్చేయడం. ఒక్కరితో పరిచయం అక్కడే ఆగిపోతుంది, ఇద్దరు ముగ్గురైతే మినహాయింపు సాగదు.

పరిచయం లేనప్పుడు మాటే దిక్కు. అమెరికాలోని మయామీలో ఇల్లిల్లూ తిరిగి, ట్రాన్స్‌జెండర్ మనుషుల గురించి 501 మంది ఓటర్లతో చేసిన ప్రయోగం ఫలితాలను బ్రూక్‌మన్, కల్లా 2016లో ప్రచురించారు. పది నిమిషాల సంభాషణ ప్రభావం మూడు నెలలైనా నిలిచింది. మాట్లాడింది ట్రాన్స్ మనిషైనా కాకపోయినా ఫలితం వచ్చింది. (అంతకుముందు ఇలాంటిదే ఒక అధ్యయనం పెద్ద సంచలనమైంది, అది కల్పితమని పట్టుకున్నవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు. అందుకే వీళ్ళ లెక్కలంటే నాకు గురి.) తర్వాతి ప్రయోగాల్లో తేలిందేమిటంటే, వాదనలు మాత్రమే చెప్పి, ఒకరి అనుభవం ఒకరు చెప్పుకోవడం తీసేస్తే ఫలితం కనిపించలేదు.

ఇంట్లో వాడుకోవడానికి దాన్ని ఇలా కుదించవచ్చు. ఇద్దరే ఉన్నప్పుడు ఎత్తండి, పండగ భోజనాల దగ్గర కాదు, అక్కడ నలుగురి ముందు ఎవరూ వెనక్కి తగ్గరు. మొదట అడగండి: ‘నీకేమనిపిస్తుంది, ఎందుకలా అనిపిస్తుంది?’ విన్నది నచ్చకపోయినా మొహంలో చూపించకండి. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు, రెండో వాక్యానికే సరిదిద్దడం మొదలుపెడతారు. తర్వాత ‘నీకు తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా, ఎలా ఉండేవారు?’ అని అడగండి. చిన్నప్పుడు బడిలో తన్నులు తిన్న క్లాస్‌మేట్ ఎవరో ఒకరు దాదాపు ప్రతి ఒక్కరికీ గుర్తొస్తారు. ఆ తర్వాత అసలు ప్రశ్న: ‘నువ్వు వేరుగా ఉన్నావని నిన్నెప్పుడైనా ఎవరైనా చిన్నచూపు చూశారా?’ రంగు, డబ్బు, చదువు, పిల్లలు లేకపోవడం, వితంతువు కావడం, ఏదో ఒకటి ఉంటుంది. చెప్పనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. మీది కూడా ఒకటి చెప్పండి, నిజమైనది. రెండిటికీ పోలిక మీరు గీయకండి, వాళ్ళే గీసుకునేదాకా ఊరుకోండి. పదీ పదిహేను నిమిషాల్లో ఆపేయండి. ఒప్పుకున్నారా అని చివర్లో నిలదీయకండి. ఒప్పించుకోవాలని చూస్తే అప్పటిదాకా కదిలింది కూడా వెనక్కి బిగుసుకుంటుంది. రెండు మూడు వారాలకు మళ్ళీ ఎత్తండి, వాళ్ళే ఎత్తితే ఇంకా మంచిది.

ఫోన్లో వీడియోలు పంపొద్దు, ముఖ్యంగా ముద్దులూ ఊరేగింపులూ ఉన్నవి. అసహ్యం ముందే ఉన్నవాళ్ళకు అవి ఆజ్యం పోసినట్టే. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ‘మార్పిద్దాం’ అన్న మాట వస్తే అక్కడ మాత్రం మెత్తబడకండి. స్వలింగ ఆకర్షణను మార్చే చికిత్సకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ మనోవైద్యుల సంఘం 2016లోనే స్పష్టంగా చెప్పింది, ఆ పేరుతో జరిగేవి మనిషిని కుంగదీస్తాయి.

ఒకవేళ మీ ఇంట్లోనే ఒకరున్నారని తెలిసి ఇదంతా అడుగుతుంటే, వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ పేరు ఈ సంభాషణలో రాకూడదు, సూచనగా కూడా. ‘మన ఇంట్లోనే ఉంటే ఏం చేస్తావు’ అన్న ప్రశ్న వినడానికి తెలివైనదిగా ఉంటుంది గానీ పెద్దవాళ్ళు ఆ రాత్రికే లెక్కలు వేసి ఎవరో పోల్చేస్తారు. ఆ వ్యక్తి చదువుకో, తిండికో, తలదాచుకోవడానికో ఆ ఇంటి మీదే ఆధారపడి ఉంటే తొందరే వద్దు. మాట మీరు నడుపుతున్నా, ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు అన్నది నిర్ణయించాల్సింది వాళ్ళే. ముందు వెళ్ళి వాళ్ళను అడగండి.